కప్పిన రంగు

అరువదియారేండ్ల వయస్సున కుంచె పట్టుట ఏమిటని మా యింటివారే నవ్విరి. వేసవి సెలవులకు వచ్చిన మా మనుమరాలు రాజమహేంద్రవరము తిరిగి పోవునప్పుడు ఒక రంగుల పెట్టెను మా అరుగుమీద మరచిపోయినది. మరచిపోయినదో, నాకొరకే విడిచిపోయినదో నేటికిని చెప్పదు. అందులో పండ్రెండు ట్యూబులు, మూడు కుంచెలు, గుడ్డ అంటించిన అట్టలు నాలుగు ఉన్నవి. ట్యూబుల మీద అక్రిలిక్ అని వ్రాసియున్నది. నేను ముప్పది నాలుగేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పి విరమించినవాడను. బొమ్మలు గీయు పిల్లలను లెక్కలలోనికి మళ్లించుట నా విధి యనుకొన్నవాడనే గాని, నా చేతితో నేను ఒక ఆకునైనను గీసియెరుగను.

రెండు దినములు ఆ పెట్టెను చూచుచు కూర్చుంటిని. మూడవ దినమున తెల్లవారుజామున ఎవరును లేవకముందే, దొంగపని చేయువానివలె, పెరటిలోని మందారపువ్వు నొకటి కోసి తెచ్చి గ్లాసులో పెట్టి మొదలుపెట్టితిని. ప్రియ చదువరులు కొంచెము ఓపిక పట్టవలెను. పువ్వులతో మొదలుపెట్టినను నేను పోవలసిన చోటు వేరు.

ఈ రంగులను గూర్చి తెలియనివారికి రెండు మాటలు చెప్పవలెను. బడిలో మనము చూచిన నీటిరంగులు వేరు. వాటిలో తెలుపు అనగా కాగితమే. మరక పడినచో పడినదే. తైలవర్ణములు వేరు, అవి ఆరుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. ఈ అక్రిలిక్ రంగు ఒకవిధమైన ప్లాస్టిక్ జిగురులో కలిపినది. చిత్రకారులు వాడదగినట్లు నీటితో కలియు రకము 1950ల మధ్యభాగమున అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. తడిగా నున్నంతవరకు నీటితో కడుగుకొనవచ్చును. నీరు ఆవిరియై పోగానే లోపలి జిగురు కణములు ఒకదానినొకటి పట్టుకొని పొరగా బిగియును. ఆ తరువాత బిందెడు నీరు పోసినను కరగదు. మా గోదావరి తీరపు మే నెల గాడ్పులో పళ్లెములో పిండిన రంగు నిమిషములలో తోలు కట్టును. నా మొదటి కుంచె అట్లే పోయినది. ఫలహారమునకు పిలిచిరని దానిని గట్టుమీద పెట్టి, రెండు ఇడ్లీలు తిని వచ్చుసరికి వెండ్రుకలన్నియు పుల్లవలె బిగిసియున్నవి.

మరియొక చిక్కు కలదు. ఆ జిగురు తడిలో పాలవలె తెల్లగా నుండి, ఆరినప్పుడు గాజువలె తేటపడును. కాబట్టి తడిలో చూచిన రంగు ఆరిన తరువాత ఒక ఛాయ ముదురును. నేను పూసిన మందారము సాయంకాలమునకు ఎండిన మిరపకాయ రంగులోనికి దిగినది. దాని నీడలకు నేను నలుపు కలిపియుంటిని. ఫోనులో మా మనుమరాలికి చూపగా, "తాతయ్యా, ఎరుపు నీడకి నలుపు వేస్తే మసి పూసినట్టు ఉంటుంది. ఎరుపులో కాస్త ఆకుపచ్చ కలుపు" అన్నది. ఎరుపులో ఆకుపచ్చయా అని వాదించితిని. "కలిపి చూడు" అన్నది. కలిపి చూచితిని. సరిగా మందారపు మడతలోని నీడయే వచ్చినది. లెక్కల మేష్టరుకు మింగుడుపడకున్నను కండ్లు ఒప్పుకొన్నవి.

అయితే నా అసలు తప్పు రంగులో లేదు. నేను గీసినది మా పెరటి మందారము కాదు. ముగ్గులో వేయు పువ్వును గీసితిని. నడుమ ఒక సున్న, చుట్టు అయిదు సమానమైన రేకులు, దూరదూరముగా, ఎవరి వాటా వారికి పంచిపెట్టినట్లు. గ్లాసులోని పువ్వుకు ఆ పోలికయే లేదు. దాని రేకులు ఒకదానిమీద నొకటి ఒరిగియున్నవి. ఒకటి నాకు అభిముఖముగా ముడుచుకొని సన్నని పట్టీవలె కనబడుచున్నది. ఒకటి సగము మరియొకదాని చాటున నున్నది. నడిమి కాడ ఒక ప్రక్కకు వాలియున్నది. ఆ కాడ చివర అయిదు చిన్న ఎర్రని బొట్లు, వాటి క్రింద పసుపు పొడి. ఆ చెట్టును నేనే నాటితిని. ముప్పదియేండ్లకు పైగా ప్రతి ఉదయము దానిప్రక్కనే నిలిచి పండ్లు తోముకొనుచున్నాను. ఆ అయిదు బొట్లున్నవని ఆ దినము వరకు ఎరుగను.

నాకు పువ్వు తెలుసు. తెలుసును గనుకనే చూడలేదు.

కొండమీది ప్రసంగములో అడవిపువ్వులను గూర్చిన చోట మన తెలుగు గ్రంథమున ఆలోచించుడి అను మాట యున్నది. గ్రీకు మూలములోని మాటకు బాగుగా నేర్చుకొనుడి అను అర్థము కలదు. శిష్యుడు అను మాటకును దానికిని ధాతువు ఒక్కటే. చిన్నతనమునుండి ఆ భాగమును వినుచు, పువ్వులు అక్కడ ప్రసంగమునకు అలంకారముగా వచ్చినవని తలంచితిని. నేర్చుకొనుట అనగా ఎదుట కూర్చుండవలెను గదా. అందులోను పువ్వులు ఎట్లుండునో అని గాక, ఎట్లు ఎదుగునో అని చెప్పబడియున్నది. ఈ మాటకు మరల వత్తును.

చెడిపోయిన మందారమును చూచి నేను దిగులుపడగా మా మనుమరాలు, "ఏం పరవాలేదు తాతయ్యా, అక్రిలిక్కే కదా. మీద కప్పెయ్!" అన్నది. ఈ రంగుల ఘనత అదియేనట. ఆరినపొర కరగదు గనుక దానిమీద తెలుపు పూసి, ఆరిన తరువాత వేరొక బొమ్మ వేసికొనవచ్చును. ఎన్ని తప్పులైనను ఒక్క కోటు తెలుపులో మాయమగును. ఆ మాట నాకెంతో నచ్చినది. తెల్లగా పూసితిని; అది ఆరగానే లేత నీలము పూసితిని; అట్ట క్రొత్తదైనది.

మరునాటి ఉదయము తూర్పు కిటికీ వెలుగు ఏటవాలుగా దానిమీద పడినప్పుడు చూచితిని. ఆ నీలపు పొరక్రింద మందారపు రేకుల అంచులు గట్లవలె లేచి కనబడుచున్నవి. రంగు కప్పబడినది గాని పూసిన మందము కప్పబడలేదు. ఎదురుగా నిలిచినవానికి ఏమియు కనబడదు. ప్రక్కనుండి వెలుగు వచ్చినప్పుడు అయిదు రేకులును అక్కడనే ఉన్నవి.

మా యింటావిడ నరసాపురపు దిక్కు ఆడపడుచు. ఆ ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్దమున మిషనెరీ దొరసానులు నేర్పిన లేసు అల్లిక ఇంటింట నిలిచిపోయిన సంగతి చదువరులెరుగుదురు. ఈమెయు చిన్ననాడే ఆ సూది పట్టినది. నా అట్టను వ్రేలితో తడిమి చూచి, "అల్లిక తప్పితే ఆ తప్పు దాకా విప్పేసి మళ్ళీ అల్లుకుంటానండి. మీ రంగు విప్పడానికి రాదే!" అన్నది. అని తన పనిలో తాను పడినది. నేను మాత్రము ఆ పూట అన్నము సరిగా తినలేదు. విప్పుటకు రాని పని నా జీవితములో ఒకటి యున్నది. దానిని చెప్పుటకు ముందు వేరొక ఉపాధ్యాయుని గూర్చి చెప్పవలెను.

మా ప్రాంతమున బొమ్మల మాట వచ్చినప్పుడు దామెర్ల రామారావుగారి పేరు రాకుండ పోదు. ఆయన 1897లో రాజమహేంద్రవరమున పుట్టి, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే 1925లో మశూచి సోకి కన్నుమూసెను. ఆయన పోయిన ముప్పది యేండ్లకు గాని నా చేతిలోని యీ రంగులు లోకములోనికి రాలేదు. ఆయన చిత్రములను రాజమహేంద్రవరములో ఆయన పేరిటి చిత్రశాలలో చూడవచ్చును. కుంచె పట్టిన తరువాత నేను బస్సెక్కి పోయి చూచి వచ్చితిని. పటములయెదుట చాలసేపే నిలిచితిని గాని, బయటికి వచ్చునప్పుడు నా మనస్సులో మెదలినవాడు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు.

ఆ దొర రాజమహేంద్రవరపు కళాశాలకు ప్రిన్సిపాలు. చిత్రలేఖనము నేర్పుట ఆయన ఉద్యోగము కాదు. తాను బొమ్మలు వేయువాడు గనుక, బొమ్మలు వేయు పిల్లవాడు కనబడినప్పుడు ఆయనకు కనబడెను. అంతే. రామారావుగారిలోని పనితనమును గుర్తించి, ప్రోత్సహించి, 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరుటకు ఆయనయే దారి చూపెను. నవలలు వ్రాసి, బొమ్మలు వేసిన అడివి బాపిరాజుగారును ఆయన శిష్యుడే. ఒక ఉపాధ్యాయుని కండ్లు తెరచియుండుటవలన మన దేశమునకు ఎంత కలిగినదో చూడుడి. ఆ దొర స్థానమున నేనుండినచో ఏమగును? ఇది ఊహించి చెప్పనక్కరలేదు. నేనుంటిని.

నలుబది యేండ్ల క్రిందట, ఉద్యోగములో క్రొత్తగా చేరిన దినములలో, ఒక పిల్లవాడు ఎనిమిదవ తరగతిలో నాయొద్ద చదువుచుండెను. వాని తండ్రి కాలువలలో గుర్రపుడెక్క తీయు కూలిపని చేయువాడు. డెక్క యనగా మన డెల్టాలో ఎరుగనివారు లేరు. దక్షిణ అమెరికానుండి వచ్చి మన కాలువలను పట్టి పీడించు కలుపుమొక్క. ధవళేశ్వరపు ఆనకట్ట క్రింది కాలువలలో నీరు పారవలెనన్న యేటేట మనుష్యులు నడుములోతు దిగి దానిని లాగి గట్టున వేయవలెను. ఒకనాడు బీజగణితపు లెక్కలు దిద్దుచుండగా వాని పుస్తకములో, లెక్కకు ప్రక్కన, నీలిసిరాతో ఒక డెక్కపువ్వు కనబడినది. పేజీకి సగమున్నది. నేను దానిని తరగతియంతటికి చూపి, ఆ కాగితమును చింపి, "కలుపుమొక్కని గీసేవాడు కలుపుమొక్కే అవుతాడు" అంటిని.

పిల్లలు నవ్విరి. వాని తండ్రి యేమి పని చేయునో వారికి తెలుసు. నాకును తెలుసు. మాట పెదవి దాటునప్పుడు నాకు తెలుసుననుటయే ఇన్నాళ్లు నేను ఎవరితోను చెప్పని సంగతి.

ఆ మరుసటి యేడు వాడు బడి మానెను. తండ్రికి జబ్బు చేసినది, ఇల్లు గడువలేదు. నా మాటవలననే మానెనని చెప్పలేను. నా మాటకు అందులో భాగము లేదనియు చెప్పలేను. చింపిన దినమునకు మానిన దినమునకు నడుమ నేను వానికి రెండు నోటుపుస్తకములు ఉచితముగా ఇచ్చితిని. ఒకసారి తరగతిలో కారణము లేకుండ మెచ్చుకొంటిని. అది మొదటి కోటు. తరువాత ఎందరో బీదపిల్లలకు సాయంకాలములందు రుసుము లేకుండ పాఠములు చెప్పితిని. వారిలో కొందరు ఇంజనీర్లైరి. అది రెండవ కోటు. విరమించిన దినమున వేదికమీద నన్ను పిల్లల మనస్సెరిగిన ఉపాధ్యాయుడని పొగడి శాలువ కప్పిరి. ఆ మాటకు నేను తల వంచితిని. వినయముచేత వంచితినని వారనుకొనిరి.

ఇవి చెడ్డపనులని నేననను. బీదపిల్లలకు చెప్పిన పాఠములు మంచివే. ఆ ఇంజనీర్లు నిజముగానే ఇంజనీర్లు. గాని అవి వేరొకరి ఖాతాలోని జమలు. ఒకని యొద్ద చేసిన అప్పును వేరొకనికి దానము చేసి తీర్చుట ఏ లెక్కలోను లేదు. పిల్లలు ఇట్టి లెక్క చేసి తెచ్చినయెడల ఎర్రసిరాతో కొట్టివేసియుందును.

కప్పుట అను మాట నన్ను విడువకుండుటచేత, గ్రంథమును తెరచి వెదకితిని. సామెతలు 28వ అధ్యాయము 13వ వచనములో తన అతిక్రమమును దాచిపెట్టువాడు బాగుపడడని యున్నది. 32వ కీర్తన మొదటి వచనములో మన తెలుగు ప్రాయశ్చిత్తము అను మాట వాడినది; అట్టి పాపియే ధన్యుడట. సామెతలు 10వ అధ్యాయము 12వ వచనములో ప్రేమ దోషములను కప్పునని యున్నది. తెలుగులో మూడు మాటలు. హెబ్రీ మూలములో మూడుచోట్లను ధాతువు ఒక్కటే, కప్పుట. ఒకే పని ఒకచోట నాశనము, ఒకచోట ధన్యత, ఒకచోట ప్రేమ ఎట్లగును? వచనములు ఒకదానితో నొకటి పోట్లాడుచున్నవని మొదట తోచినది. లెక్కలో రెండు జవాబులు వచ్చినప్పుడు మేము పిల్లలకు చెప్పు మాట యొకటి కలదు: ప్రశ్నను మరల చదువుము. మరల చదివితిని. కప్పబడునది మూడుచోట్లను దోషమే. కప్పువాడు మాత్రము వేరు. మొదటిచోట దోషము చేసినవాడే కప్పుచున్నాడు. రెండవచోట దేవుడు కప్పుచున్నాడు. అదియు, ఆ కీర్తనలోనే అయిదవ వచనములో, దావీదు తాను దాచుట మానితినని చెప్పిన తరువాత. మూడవచోట దెబ్బతిన్నవాడు కప్పుచున్నాడు. చేసినవానికి ఆ హక్కు లేదు.

ఈ సంగతిని మా సంఘపు పెద్దలలో ఒకరితో మాటలాడితిని. ఆయన తేలికమనిషి కాడు. ఆయన చెప్పిన మాట నన్ను చాల దినములు ఆపినది. "మేష్టారూ, నలభై ఏళ్ళ క్రితం మానిన పుండుని మీరు వెళ్ళి కెలుకుతారా? అతను మరిచిపోయి హాయిగా ఉంటే? మీ గుండె బరువు దింపుకోడానికి అతని నెత్తిన పెట్టడం కాదూ?" అనెను. ఇందులో నిజము లేకపోలేదు. ఒప్పుకొనుటలోను ఒక స్వార్థము కలదు. చెప్పి యేడ్చి, ఎదుటివాని చేత పరవాలేదనిపించుకొని, తేలికపడి ఇంటికి వచ్చువారిని నేనెరుగుదును. వారికి కావలసినది క్షమాపణ కాదు, రసీదు.

అయినను పెద్దగారి మాట నాకు పూర్తిగా ఒప్పలేదు. అప్పిచ్చినవాని చిట్టాను చెదలు తినినంతమాత్రమున అప్పు తీరదు. వాడు మరచినను నేను మరువలేదు. నేను మరువనంతకాలము అది నాయొద్ద నున్నట్లే. పైగా వాడు మరచెనో లేదో పెద్దగారికెట్లు తెలియును, నాకెట్లు తెలియును? వాడు మరచిపోయెనని అనుకొనుటయు ఒక కోటు రంగే. కాబట్టి ఒక నిర్ణయము చేసికొంటిని: పోయి చెప్పుదును, క్షమించుమని అడుగను. అడిగినచో మేష్టరు మాట కాదనలేక పరవాలేదనును, అది వానిచేత బలవంతముగా వ్రాయించిన రసీదగును. చెప్పవలసినది చెప్పి, తరువాతి సంగతి వానికి విడిచిపెట్టవలెను.

నిర్ణయము చేసికొనుట సులభము. ఆ పిల్లవాడు, ఇప్పుడు ఏబది దాటినవాడు, కడియపులంకలో ఒక నర్సరీలో అంట్లు కట్టు పని చేయుచున్నాడని నాకు చాలకాలముగా తెలుసు. కడియము చుట్టుప్రక్కల గ్రామములలో మైళ్లకొలది నర్సరీలే. అక్కడినుండి మొక్కలు లారీలకెక్కి దేశమంతటికి పోవును. మా సంఘములో పెండ్లికిని సమాధి కార్యక్రమమునకును పువ్వులు కడియపులంక మార్కెట్టునుండియే తెత్తురు. నేను మాత్రము మొక్క కావలసినప్పుడెల్ల వేరొక ఊరినుండి తెప్పించుకొనుచుంటిని. దూరము, ధర ఎక్కువ. కారణము ఇంటిలో ఎవరును అడుగలేదు.

మొదటిసారి పోయినప్పుడు సంగతి చెప్పలేదు. వాడు నన్ను దూరమునుండియే పోల్చి, చేతులు దులుపుకొని వచ్చి, "ఆయ్, మేస్టారండీ! ఎన్నాళ్ళయిందండీ!" అని బల్ల వేసెను. పిల్లలెందరు, ఏమి చదివిరి, వానలెట్లున్నవి అని అడిగితిని. వాడు ఒక ముద్దమందారపు మొక్కను సంచిలో పెట్టియిచ్చి సొమ్ము తీసికొనలేదు. "మీ కాడ డబ్బులేంటండి!" అనెను. బస్సులో ఆ మొక్కను ఒడిలో పెట్టుకొని కూర్చుండగా, ఇంకొక కోటు పూసి వచ్చుచున్నానని తెలిసినది. ఈ మారు రంగు వాడిదే.

ఇంటికి వచ్చి ఆ నీలపు అట్టను మరల తీసితిని. ఏమి గీయవలెనో అప్పుడు తెలిసినది. తెల్లవారి కాలువగట్టుకు పోయి, డెక్కపువ్వు గుత్తి నొకదానిని కఱ్ఱతో దగ్గరకు లాగి కోసితిని. నలుబది యేండ్లుగా తిట్టుచున్న పువ్వును ఆ దినము మొదటిసారి చేతిలో పెట్టుకొని చూచితిని. ఆరు రేకులు, లేత ఊదా. వాటిలో ఒక్క రేకు తక్కిన అయిదింటివలె లేదు. దానిమీద ముదురు నీలపు మచ్చ, ఆ మచ్చ నడుమ పసుపు చుక్క, నెమలికన్నువలె. దేవాలయమునకు గాని, తలలోనికి గాని, బల్లమీదికి గాని ఎవరును కోరని పువ్వునకు ఇంత అలంకారమెందుకో! గట్టునుండి ఇల్లు చేరుసరికి అది వాడి తల వాల్చెను. వాలినదానినే గ్లాసులో పెట్టి గీసితిని. ఊదాకు నీలమును ఎరుపును కలిపి తెలుపు చేర్చితిని. పసుపు చుక్క మాత్రము నన్ను చాల ఏడిపించినది. పసుపు పలుచని రంగు; అది దేనిని కప్పదు, క్రింద నున్నదానిని బయటపెట్టును. మూడుసార్లు పెట్టితిని, మూడుసార్లు నీలముతో కలిసి పచ్చబడినది. కడకు ఆ చుక్క పట్టునంత చోటు తెల్లగా చేసి, అది ఆరువరకు ఊరకుండి, అప్పుడు పెట్టగా నిలిచినది. నాలుగు దినములు పట్టినది. ఏటవాలు వెలుగులో పాత మందారపు గట్లు ఇంకను దానిక్రింద కనబడుచునేయున్నవి. గీకివేయుటకు మనస్సొప్పలేదు.

ఆ అట్టను గుడ్డసంచిలో పెట్టుకొని రెండవసారి కడియపులంక పోయితిని. వాడు చెట్టునీడను గోనెమీద కూర్చుండి మామిడి అంట్లు కట్టుచుండెను. పిల్లమొక్క కాండమును ఏటవాలుగా కోసి, మంచి చెట్టు కొమ్మను అదే వాలులో చెక్కి, రెండు గాయములను ఒకదానికొకటి ఆనించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టుట. లేచి రాబోగా, కూర్చోమని నేనే ఎదుట కూర్చుంటిని.

"ఒక మాట చెప్పి పోదామని వచ్చానురా. ఎనిమిదో తరగతిలో నీ లెక్కల పుస్తకంలో కాయితం చింపాను."

"చింపారేంటండి? నాకైతే గుర్తు లేదండి."

"డెక్కపువ్వు గీశావు. చింపి, ఒక మాట కూడా అన్నాను. మీ నాన్న చేసే పని నాకు తెలిసే అన్నాను. అది తప్పు. ఇప్పుడు తెలిసొచ్చిన తప్పు కాదు, ఆ రోజే తప్పని తెలుసు నాకు. అది నీకు చెప్పాలని వచ్చాను. ఇంకేం లేదు."

వాడు తల యెత్తలేదు. చేతిలోని పట్టీని రెండు చుట్లు చుట్టి, చివర లాగి ముడివేసి, ఆ మొక్కను ప్రక్కన పెట్టి, ఇంకొకటి తీసికొనెను. "మేస్టార్లన్నాక అంటారండి. నలబై ఏళ్ళయిపోయింది గదండీ" అనెను. కొంతసేపటికి, "టీ తాగుతారాండి?" అని, ఒక కుఱ్ఱవానిని కేకవేసి పంపెను.

నిజముగా మరచెనో, నా ముఖము చూచి మరచితిననెనో నేను చెప్పలేను. మా గోదావరివారి మర్యాద ఎట్టిదో మీరెరుగుదురు. ఇంటికి వచ్చినవానిని తల దించుకొననియ్యరు. తరచి అడుగవలెనని నాలుక చివరకు వచ్చినది. ఊరకుంటిని. అది వాని చోటు. అక్కడ నా కుంచె పెట్టరాదు.

టీ వచ్చినది. వాడు నా సంచివైపు చూచి, "అదేంటండి, పటమాండి?" అనెను. తీసి చూపితిని. చేతులు తువాలుతో తుడుచుకొని, అట్టను రెండు చేతులతో పట్టుకొని, వెలుగువైపు త్రిప్పి చూచెను. చాలసేపు చూచెను.

"డెక్కేనాండి?"

"డెక్కే."

"బానే వచ్చిందండి. రంగు కుదిరింది. గానీ మేస్టారూ, పసుపు చుక్క పై రేక్కుంటదండి. మీరు కిందకి పెట్టేశారు. కోసుకొచ్చి గీసుంటారు, తల వాల్చేసుంటది. నీళ్ళలో ఉండగా చూడాలండి దాన్ని."

అని, ప్రక్కనున్న పుల్ల నొకటి తీసికొని, కుండీలకు కలిపిపెట్టిన తడిమట్టిని అరచేతితో చదును చేసి, ఆరు గీతలు గీసెను. ఒక్క గీతకు మరియొక గీత దిద్దలేదు. పై రేకులో బొటనవ్రేలితో ఒక గుంట నొక్కెను. నేను టీగ్లాసు క్రింద పెట్టి, వంగి చూచితిని.